చదివించాక పుస్తకం మూయించు

విజయనగరం

చి. సౌ. పార్వతికి మావయ్య ఆశీస్సులు.

ఆరో తరగతి పిల్లలు గడగడా చదివేస్తారు గానీ అడిగితే ఒక్క ముక్క చెప్పట్లేదని రాశావు. ముందు పిల్లల్ని రెండు రకాలుగా విడదీసుకో. వంద మాటల పేరా ఒకటి తీసుకుని ఒక్కొక్కరిచేత పైకి చదివించు. తడబడ్డ మాట కింద పెన్సిలు గీత పెట్టు, సరిదిద్దకు. తర్వాత పుస్తకం మూయించి "మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు" అను. గీతలు పది దాటితే వాడు మళ్లీ గుణింతాలు, వత్తుల దగ్గర మొదలెట్టాలి. తడబడకుండా చదివి కూడా చెప్పలేనివాడికి చిక్కు వాక్యంలో ఉంది.

ఈ రెండో రకానికే ఓపిక కావాలి. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. అక్కడికి చేరేసరికి మొదలు మరిచిపోతారు. "పత్రహరితం గల మొక్కలు సూర్యరశ్మి సమక్షంలో నీరు, కార్బన్ డయాక్సైడ్‌లను ఉపయోగించుకుని పిండిపదార్థాన్ని తయారుచేసే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు" లాంటి వాక్యాన్ని చివర్నుంచి విప్పించు. దేన్ని అంటారు? ప్రక్రియని. ఏం చేసే ప్రక్రియ? పిండిపదార్థం తయారుచేసేది. ఎవరు చేస్తారు? వేటితో? ఒక్కో జవాబూ ఒక్కో చిన్న వాక్యంగా బోర్డు మీద రాయి. పెద్ద పేరు ఆఖర్న చెప్పు. ముందే చెప్తే పేరు బట్టీ పట్టి పని వదిలేస్తారు.

సోషల్‌లో ఉపనది వస్తే నిర్వచనం చదివించే ముందు సంగాం గుర్తుచెయ్యి. నాగావళిలో సువర్ణముఖి, వేగవతి కలిసే చోటు అది. వాగు అని ఉన్నచోట పిల్లాడు గెడ్డ అంటే కొట్టెయ్యకు, వాడికి అర్థమైందనడానికి అదే గుర్తు. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల సవర భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే కదమ్మా.

ప్రశ్న మాత్రం పాఠంలోని మాటలతో అడక్కు. అవే మాటలు వెతికి ఆ వాక్యం ఎత్తి రాసేస్తారు, చదవకుండానే మార్కులొచ్చేస్తాయి. "కుండీని వారం రోజులు చీకటి గదిలో పెడితే మొక్క ఏమవుతుంది, ఎందుకు?" అని అడుగు. గైడులో జవాబు దొరకదు.

పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటే తెలుగు పేజీ ముందు చదివించు.

సిలబస్ అవ్వదని బెంగపడకు. రోజుకి ఒక్క పేరా, పది నిమిషాలు. ఆ పేరాకి నోట్స్ చెప్పి రాయించకు. నెల తిరిగాక మళ్లీ పరీక్ష పెట్టు, కానీ కొత్త పేరాతో. పాతది ఈపాటికి నోటికొచ్చేసి ఉంటుంది.

మీ మావయ్య