ఫోల్డర్ దొరకలేదంటూ బ్యాకప్ ఆగిపోతే ఏం చేయాలి?

హన్మకొండలోని మీ డీటీపీ సెంటర్‌లో విండోస్ 10 బ్యాకప్ 80070003 అనే ఎర్రర్‌తో ఆగిపోతోందని అడిగారు. డిస్క్ చెడిపోయిందని ఆ కోడ్ చెప్పడం లేదు; బ్యాకప్ వెతుకుతున్న దారి (పాత్, అంటే ఫోల్డర్ ఉన్న చోటు చిరునామా) ఇప్పుడు కంప్యూటర్‌లో లేదని మాత్రమే దాని అర్థం. చివరి అంకె 2 అయితే ఫైల్ దొరకలేదని.

పెళ్లి పత్రికల ఫోల్డర్‌ను ఎవరైనా వేరే డ్రైవ్‌కు తరలించినా, దాని పేరు మార్చినా, పాత సెట్టింగ్ పాత దారినే పట్టుకుని ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని 'బ్యాకప్ అండ్ రిస్టోర్' తెరిచి, 'చేంజ్ సెట్టింగ్స్'లో ఫోల్డర్లను స్వయంగా ఎంచుకునే వీలు తీసుకుని, లేనివాటి టిక్ తీసేసి, కొత్త చోటును చేర్చండి. విండోస్ లైబ్రరీల్లో (డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్ల జాబితాల్లో) మిగిలిన పాత దారులనూ తొలగించండి. అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ సృష్టిస్తే ఎర్రర్ పోవచ్చు గానీ, అసలు పత్రికలు బ్యాకప్‌లోకి రావు కనుక దాన్ని నేను సిఫారసు చేయను.

అయినా తగ్గకపోతే, మానేసిన ఆపరేటర్ యూజర్ ఫోల్డర్‌ను ఎవరైనా నేరుగా డిలీట్ చేశారేమో చూడండి. అప్పుడు రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగ్‌లను దాచుకునే చోటు) 'ప్రొఫైల్‌లిస్ట్' కింద ఆ ఖాతా నమోదు మిగిలిపోయి ఇదే ఇబ్బంది తెస్తుంది. ఆ నమోదును (రిజిస్ట్రీ భాషలో 'కీ') ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే తొలగించండి.