బుజ్జికి, గది తెరిచే ముందు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మిర్యాలగూడ బస్టాండు దగ్గర గది అద్దెకు తీసుకున్నావనీ, ఏఐ సాయంతో జనానికి అర్జీలు, సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులు రాసిపెడతావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు రాశాను. నా పిల్లలెవరూ ఆ పని వైపు చూడలేదు. నువ్వు చూశావు. సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది.

డబ్బు సంగతి ముందు. ఏఐకి నెలనెలా డబ్బు కట్టే ప్లాను అప్పుడే తీసుకోకు. ఒక నెల ఉచితంగా దొరికేదాంతోనే పని చెయ్యి, ఎక్కడ చాలడం లేదో నీకే తెలుస్తుంది. 2025లో జియో జెమినై అనే ఏఐని, ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీ అనే ఏఐని తమ ఖాతాదారులకు ఉచితంగా ఇచ్చాయి. చాట్‌జీపీటీ వాళ్లూ గో అనే తమ ప్లానును ఏడాది పాటు ఉచితం చేశారు. అలాంటిది ఏది తీసుకున్నా గడువు ఎప్పుడు తీరుతుందో, ఆటోపే ఏ రోజు మొదలవుతుందో క్యాలెండరులో గుండ్రం చుట్టిపెట్టుకో. ఇంకొకటి మీ అన్నయ్య చెప్పాడు. ఈ ఏఐలు మనం రాసినదాన్ని ముక్కలు చేసి లెక్కపెడతాయట, అదే విషయం ఇంగ్లీషులో కంటే తెలుగులో ఎక్కువ ముక్కలవుతుందట, మన వాటా తొందరగా అయిపోతుందట. కాబట్టి పది పేజీలు ఎక్కించకు, కావలసిన పేరా ఇవ్వు చాలు.

నేనూ నెల రోజులుగా వాడి చూస్తున్నాను. "పెన్షను ఆగిపోయింది, అర్జీ రాయి" అంటే ఏ ఊరివాడికైనా సరిపోయే అర్జీ ఒకటి రాసిచ్చింది, అంటే ఎవరికీ పనికిరానిది. మన బల్ల ముందు కూర్చున్న మనిషిని అడుగుతాం కదా: ఏ నెల నుంచి ఆగింది, ఎవరిని కలిశారు, వాళ్లేమన్నారు, ఏ కాగితాలు జతచేస్తున్నారు? అవన్నీ చెప్పాక దానికీ దారి దొరికింది. "నీకు తెలియనిచోట ఊహించకు, చుక్కలు పెట్టి ఖాళీగా వదులు" అని ప్రతిసారీ దానికి చెప్పు. తెలుగు మరీ బిగుసుకుపోయి ఉంటే, ఆ మనిషి నోటితో చెప్పినట్టు రాయమను.

చట్టం మాట మాత్రం దాని నోట విని ఊరుకోవద్దు. ఆర్టీఐ ఫీజెంత అని అడిగితే పది రూపాయలంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు అది నిజమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకైతే ఫీజే లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. పల్లె నుంచి వచ్చిన ముసలాయన ఆ పది రూపాయలు ఎందుకు పోగొట్టుకోవాలి? భూమి లెక్కలూ అంతే. ఎకరానికి మీవైపు తెలంగాణలో 40 గుంటలు, మావైపు ఆంధ్రలో 100 సెంట్లు. అది ఒకదానికొకటి కలిపేస్తే పట్టుకోవలసింది నువ్వే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి చెబుతాను. మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

1989లో ఒక రైతు కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరం పదిహేను సెంట్లు రాసివ్వడానికి వచ్చాడు. అంతకు ముందురోజే అదే ఊరి దస్తావేజు ఇంకొకటి రాశాను. దాని నకలు ఎదురుగా పెట్టుకుని పేర్లు మార్చాను, సర్వే నంబరు మార్చాను, విస్తీర్ణం మార్చాను. తూర్పు, దక్షిణం, పడమర హద్దులు మార్చాను. ఉత్తరం హద్దు దగ్గర ఎవరో పలకరించారు, తలెత్తి మాట్లాడాను. మళ్లీ కలం పట్టుకున్నాక పాత దస్తావేజులోని హద్దే దింపేశాను. చదివి వినిపించాలి కదా, వినిపించాను. ఆఫీసు మూసే వేళవుతోందని గడగడా చదివేశాను. ఆయన వేలిముద్ర వేశాడు. నా దస్తూరీ ముత్యాల్లా ఉందని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

పదకొండేళ్ల తర్వాత ఆ అమ్మాయి భర్తకు జబ్బు చేసింది. పొలం అమ్మబోతే కొనేవాళ్ల వకీలు ఉత్తరం హద్దు దగ్గర ఆగిపోయాడు. సవరణ దస్తావేజు రాయించుకుందామంటే తండ్రి అప్పటికే పోయాడు. వారసులందరూ సంతకాలు పెట్టాలి. ఒక అన్న పెట్టనన్నాడు. కోర్టుకు వెళ్లారు. అది తేలేలోగా ఆ భర్తా పోయాడు.

ఆమె ఒక్కసారే నా దగ్గరకు వచ్చింది. కాగితం విప్పి, "అయ్యా, ఇది మీ రాతేనా?" అంది. అవునన్నాను. మళ్లీ మడతపెట్టుకుని వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రాత చూడచక్కగా ఉంది కాబట్టే నేనూ, ఆఫీసువాళ్లూ, వాళ్ల నాన్నా ఎవరమూ ఆగి చూడలేదు బుజ్జీ. నీ ఏఐ రాసేదీ అలాగే ఉంటుంది. కొట్టివేత ఉండదు, తడబాటు ఉండదు. అది చూస్తే నాకు నా దస్తూరీయే గుర్తొస్తోంది. అందుకని ఒక మనిషి పని అయ్యాక ఆ చాట్ అక్కడితో ఆపెయ్. రెండో మనిషికి కొత్తది తెరువు, లేకపోతే ముందువాళ్ల ఊరో పేరో వెనకవాళ్ల అర్జీలోకి దూరుతుంది. ప్రింటు తీశాక అసలు కాగితం పక్కన పెట్టుకుని, పేర్లూ తేదీలూ అంకెలూ వేలుపెట్టి చూడు. తర్వాత ఆ మనిషికి నిదానంగా చదివి వినిపించు, చదువుకున్నవాళ్లయినా సరే.

ఆధార్ నంబరు, బ్యాంకు పాసుపుస్తకం ఫొటో దానికి ఎప్పుడూ ఇవ్వకు. ఆ చోట చుక్కలు పెట్టించి నీ చేత్తో నింపు. మన మాటల్ని దాని శిక్షణకు వాడుకోనిచ్చే మీట సెట్టింగ్స్‌లో ఉంటుంది, దాన్ని మొదటిరోజే ఆపెయ్.

నీకు తొందరెక్కువ. పదో తరగతి లెక్కల పరీక్షలో అరగంట ముందే పేపరు ఇచ్చి వచ్చి, ఇంటికొచ్చి ఏడ్చావు. ఆ రోజు నిన్ను నా సైకిలు మీద కూర్చోబెట్టుకుని చెరువుగట్టు దాకా తిప్పాను, గుర్తుందా? కోప్పడుతున్నాననుకోకు తల్లీ. మా ఇంట్లో అందరికంటే నిదానంగా వినేదానివి కూడా నువ్వే. ముసలివాళ్లు చెప్పిందే నాలుగుసార్లు చెబుతారు, నాలుగోసారే అసలు సంగతి బయటపడుతుంది. అది వినే ఓపిక నీకుంది.

గది తెరిచే రోజుకు నేనూ పెద్దమ్మా వస్తాం. మొదటి పది అర్జీలు నాకు వాట్సాప్‌లో పంపు, పేర్లు కొట్టేసి పంపు. ఉత్తరం హద్దు ముందు చూస్తాను.

మీ పెదనాన్న