పద్ధతి పేరు తర్వాత, ముందు ఆవిడ మెడ చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జారిన ముఖాన్నీ మెడనూ బిగించే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషను గురించి నువ్వు రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. 58 ఏళ్ల పంతులమ్మగారు, రెండేళ్లలో 18 కిలోలు తగ్గారు, షుగరు అదుపులోకి వచ్చింది, కానీ దవడల పక్కన బుగ్గలు జారి గడ్డం కింద చర్మం సంచిలా వేలాడుతోంది, గొంతు మీద రెండు తాళ్లు తేలాయి. “పడుచుదాన్ని అయిపోవాలని లేదు డాక్టరమ్మా, కనబడ్డ ప్రతివాళ్లూ ఒంట్లో బాగాలేదా అని అడగడం మానేస్తే చాలు” అన్నారని రాశావు. ఆ మాటను కేసు షీటులో ఆవిడ అన్నది అన్నట్టే రాసిపెట్టుకో. ఆపరేషను రోజు ఇంకాస్త లాగుదామా అనిపించినప్పుడు అదే నీ చేతిని ఆపుతుంది.

నువ్వు అడిగింది ఒక్కటే: చర్మం కింది పొరను విడిపించి జరిపే డీప్ ప్లేన్ చేయాలా, ఆ పొరను మడిచి కుట్టే స్మాస్ ప్లికేషన్ సరిపోతుందా? అమ్మా, నాలుగు పేజీల ఉత్తరంలో ఆవిడకు ఏ పొర జారిందో ఒక్క ముక్క కూడా లేదు. అది తెలియకుండా పద్ధతి పేరు చెప్పడం నాడి చూడకుండా మందు రాయడమే. నేను చెప్పలేను.

ఆవిడను మళ్లీ పిలిపించి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టు. పడుకోబెట్టి చూడవద్దు. పడుకుంటే జారినదంతా చెవుల వైపు వెళ్లిపోయి మెడ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. గడ్డం కింది మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకో. పట్టు వదలకుండా, పళ్లు బిగించి కింది పెదవిని కిందికి లాగమను. మెడ ముందు చర్మం కింద పరుచుకున్న పల్చటి కండరం, ప్లాటిస్మా, బిగుసుకుంటుంది. అప్పటికీ నీ వేళ్ల మధ్య మిగిలినది చర్మమూ, దాని కింద కొవ్వూ. వేళ్లలోంచి తప్పించుకుని లోపలికి పోయినది ప్లాటిస్మా కింది కొవ్వు, దవడ కింద ఉండే డైగాస్ట్రిక్ కండరం, కొందరిలో కిందికి దిగిన లాలాజల గ్రంథి. మొదటిదాన్ని సన్నటి గొట్టంతో తీయవచ్చు. రెండోది కావాలంటే గడ్డం కింద చిన్న కోత పెట్టి, కండరం తెరిచి, కంటితో చూస్తూ చేయాల్సిందే. ఇంత బరువు తగ్గిన మనిషికి పైకొవ్వు మిగిలే ఉండదని నా అనుమానం. ఉన్న కాస్తా తీసేయకు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో విను. ప్రాక్టీసు పెట్టిన తొలి సంవత్సరాల్లో ఒకావిడకు గడ్డం కింద కొవ్వు మాత్రం తీశాను. బల్ల మీద చూసి ఎంతో శుభ్రంగా వచ్చిందని సంతోషించాను. ఆరు నెలలకు వాపంతా పోయాక మధ్యలో గుంట పడింది, రెండు వైపులా ప్లాటిస్మా అంచులు పాము పడగలా లేచాయి. ఆవిడ ఒక్కమాట అనలేదు. నా ఎదురు కుర్చీలో కూర్చున్నంతసేపూ పమిట కొంగు గొంతు మీదికి లాక్కుంటూనే ఉంది. కండరం అంచులను మధ్యకు తెచ్చి కుట్టకుండా, పైకప్పులా ఉన్న కొవ్వును ఒలిచేసిన తప్పు నాది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

ఇక ఒక వేలితో గొంతు పైభాగంలో ఉండే హయాయిడ్ ఎముక ఎక్కడుందో వెతుకు. అది కిందికీ ముందుకూ ఉన్న మెడకు ఎవరు చేసినా పదునైన కోణం రాదు. ఎలెన్‌బోగెన్, కార్లిన్ అనే సర్జన్లు 1980లో పడుచు మెడ లక్షణాలు చెబుతూ గడ్డానికీ మెడకూ మధ్య 105 నుంచి 120 డిగ్రీల కోణం అన్నారు కదా, ఆ అంకె పట్టుకుని ఆవిడకు మాట ఇవ్వకు. పక్కనుంచి చూసినప్పుడు గడ్డం ఎముక వెనక్కి ఉంటే దాన్ని ముందుకు తెచ్చే సంగతి కూడా ముందే మాట్లాడు. ఎముక ఆసరా లేనిదే దవడ గీత నిలవదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. పూర్వం చర్మాన్ని ఒలిచి, లాగి, మిగిలింది కోసి కుట్టేవారు. చర్మానిది సాగే గుణం. బరువంతా దాని మీద పెడితే కొన్నాళ్లకు సాగిపోతుంది, మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి లాక్కుపోతుంది. 1974లో స్వీడన్ సర్జన్ స్కూగ్ చర్మంతో పాటు కింది పొరను కూడా కలిపి లేపాడు. 1976లో మిట్జ్, పేరోనీ ఆ పొరకు స్మాస్ అని పేరు పెట్టి వివరించారు. అక్కడి నుంచి మన పని ఒకటే: బరువు ఆ పొర మోయాలి, చర్మం ఊరికే దాని మీద పరుచుకోవాలి. ప్లికేషన్‌లో పొరను కోయకుండా మడిచి కుట్టేస్తాం. స్మాసెక్టమీలో చెంప మీద ఏటవాలుగా ఒక పట్టీ తీసి అంచులు కలుపుతాం. డీప్ ప్లేన్‌లో పొర కిందికి దిగి, ఎముకకూ కండరానికీ కట్టిపడేసిన బంధకాలను విడిపించి, చర్మమూ పొరా కలిపి జరుపుతాం. ఆ బంధకాలను ఫర్నాస్ 1989లో వర్ణిస్తే, మరుసటి సంవత్సరమే హామ్రా డీప్ ప్లేన్ ప్రకటించాడు.

ఏది ఎవరికి అన్నది వేలితోనే తెలుస్తుంది. చెవి ముందు రెండు వేళ్లు గట్టిగా ఆనించి, చర్మం మీద జారిపోకుండా, లోపలి పొరను పైకీ వెనక్కీ జరుపు. దవడ పక్కన జారిన ముద్ద దానితోపాటు లేచి గీత తేరుకుంటే ప్లికేషన్ చాలు. నీ వేళ్లు కదిలినా ముద్ద అక్కడే మొరాయిస్తే దాన్ని బంధకం పట్టి ఉంచిందని అర్థం, ఎంత మడిచి కుట్టినా రాదు, విడిపించాల్సిందే. బరువు తగ్గినవాళ్లలో పొర తరచు పల్చబడి ఉంటుంది, లేపబోతే తడికాగితంలా చిరుగుతుంది. అలాంటిచోట నేను మడతనే నమ్ముకున్నాను. మరోవైపు, షుగరున్న మనిషికి డీప్ ప్లేన్‌తో ఒక మేలుంది. చర్మాన్ని విడిగా దూరం ఒలవము కనుక దాని రక్తప్రసరణ చెడదు. ఈ రెండింటినీ తూచడం నీ పని.

ఒకే పోలికతో పుట్టిన కవలలు రెండు జతలకు నలుగురు సర్జన్లు నాలుగు పద్ధతుల్లో చేసి పదేళ్లదాకా గమనించి 2009లో ప్రచురించారు. ఆ ఫొటోలు తీసి చూడు. పేర్లు కప్పేసి నేను ఎన్నిసార్లు చూసినా ఎవరిది ఏ పద్ధతో నికరంగా చెప్పలేకపోయాను. చేసిన చేతి నైపుణ్యమే ఎక్కువ అనిపించింది. అందుకే అడుగుతున్నాను: నువ్వు సొంతంగా డీప్ ప్లేన్ ఎన్ని చేశావు? పక్కన నిలబడి చూసినవి లెక్కలోకి రావు. ఆ లోతులో ముఖాన్ని కదిలించే ఫేషియల్ నరం కొమ్మలు, నమిలే కండరం మాసెటర్ మీద పల్చటి పొర కిందే ఉంటాయి. ఆవిడకు అదే కావాలని తేలితే, మొదటిది అనుభవమున్నవాళ్లను పక్కన పెట్టుకుని చెయ్యి. అందులో నామోషీ లేదు.

గొంతు మీది తాళ్లు ఊరికే కూర్చున్నప్పుడే కనిపిస్తున్నాయా, మాట్లాడి బిగించినప్పుడేనా? ఊరికే కనిపిస్తే మధ్యలో కోత పెట్టి అంచులు కలిపి కుట్టు. ఫెల్డ్‌మన్ 1990లో చెప్పిన కార్సెట్ కుట్టు ఇందుకే. బిగించినప్పుడే తేలితే పక్కనుంచి లాగితే సరిపోవచ్చు. మధ్యలో మరీ బిగిస్తే పక్క లాగుడికి అదే ఎదురు తిరుగుతుందని మాత్రం గుర్తుంచుకో. కోత లేకుండా చర్మం కింద దారాలు వేసి లాగించుకోమని ఆవిడకు ఎవరో చెప్పారన్నావు. ఇంత వదులు చర్మాన్ని దారాలు మోయవు, ఆ మాట వదిలెయ్.

కోత ఎక్కడ పెట్టాలో పుస్తకాల్లో ఉన్నది అక్కడివాళ్ల జుట్టుకు రాసింది. మన పంతులమ్మగారు పాపిడి తీసి, జుట్టు వెనక్కి బిగించి ముడి వేసుకుంటారు, పండగకు మాటీలు పెట్టుకుంటారు. చెవి వెనక కోత జుట్టు అంచు వెంట దిగితే ఆ ముడి కిందే బయటపడుతుంది. తిరుపతిలో తలనీలాల మొక్కు ఏమైనా ఉందా అని కూడా అడుగు. జుట్టులో దాచిన మచ్చ ఆ రోజు అందరికీ కనిపిస్తుంది. చెవి పోగుల దగ్గర, భుజం మీద బీసీజీ టీకా మచ్చ దగ్గర కీలాయిడ్ (మచ్చ గడ్డలా ఉబ్బడం) లేచిందేమో చూడు. బరువు కమ్మలతో సాగిన తమ్మెకు రంధ్రం బాగుచేయడం వేరే రోజు పెట్టుకో. చెవి కాలువకు ఆరున్నర సెంటీమీటర్ల కింద, మెడ కండరం మీదుగా గ్రేట్ ఆరిక్యులర్ నరం పోతుంది. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా దెబ్బతినేది అదే. అది తెగితే కమ్మ పెట్టుకుంటున్నా తమ్మెకు తెలియదు. ఏమీ తెగకపోయినా కొన్ని నెలలు చెంపా చెవీ మొద్దుబారి ఉంటాయని ఆవిడకు ముందే చెప్పు.

పొగతాగుతారా అంటే లేదంటారు. ముక్కుపొడుము పీలుస్తారా, పొగాకు పొడితో పళ్లు తోముతారా అని విడివిడిగా అడుగు. ఎటునుంచి లోపలికి పోయినా నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోతుంది. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. బరువు ఇంజెక్షన్లతో తగ్గి ఉంటే అది మత్తు డాక్టరుకు తప్పక తెలియాలి, కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరుతో మాట్లాడి నిర్ణయించు.

నన్ను ఎక్కువ రాత్రులు మేల్కొలిపింది హెమటోమా, అంటే చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. వాంతి, దగ్గు, మలబద్ధకం, పెరిగిన బీపీ, ఇవన్నీ దానికి దారులు. లోపల చేరే రక్తాన్ని బయటికి తీసే గొట్టం, డ్రెయిన్, ఉంది కదా అని ఇంటికి వెళ్లకు. డ్రెయిన్ దాన్ని ఆపదు. ఒక వైపు నొప్పి ఎక్కువైందని ఆవిడ అంటే మందు చీటీ రాయకుండా కట్టు విప్పి చూడు.

ఆవిడ రెండో అమ్మాయి పెళ్లి మాఘంలో అన్నావు. కమిలిన రంగు, పైవాపు రెండు మూడు వారాల్లో తగ్గినా ముఖం సర్దుకోవడానికి నెలలు పడుతుంది, మచ్చ ఎరుపు అంతకన్నా ఎక్కువ. దసరాలోపు చేయగలిగితే చెయ్యి, లేదా పెళ్లి అయ్యాకే. బరువు ఆరు నెలలుగా నిలకడగా ఉందో లేదో కూడా అడిగి చూసుకో.

ఆదివారం లోగా నాకు ఫొటోలు పంపు. ఎదురుగా, రెండు పక్కల నుంచి, తల కొంచెం వంచి, పళ్లు బిగించి. అన్నీ కూర్చుని తీసినవే కావాలి. జుట్టు ఆవిడ రోజూ వేసుకునే ముడిలోనే ఉండనీ. అవి చూశాక మధ్య కోత సంగతి ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ గురువు