కేంద్రకం లేనిచోట కూడా కేంద్రకామ్లమేనా?

సందేహం: బాక్టీరియాకు కేంద్రకం ఉండదు. అయినా దాని డీఎన్‌ఏను కేంద్రకామ్లమని పాఠం చెబుతున్నాం. ఈ పేరు తప్పు కదా అని పిల్లలు అడుగుతున్నారు. న్యూక్లియిక్ ఆమ్లం అంటే సరిపోతుందా? జన్యువు, డీఎన్‌ఏ అనే మాటలను ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా?
– వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ఇలా నిలదీసే పిల్లలు దొరకడం మీ అదృష్టం. అయితే న్యూక్లియిక్ అన్నా చిక్కు వీడదు. ఆ మాటా న్యూక్లియస్ నుంచి వచ్చిందే, అంటే కేంద్రకమే.

1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రెడరిక్ మీషర్ ఆసుపత్రి కట్టుగుడ్డలకు అంటిన చీములోంచి తెల్లరక్తకణాలను సేకరించాడు. వాటి కేంద్రకాల్లో ఫాస్ఫరస్ మెండుగా ఉన్న ఒక పదార్థం కనిపిస్తే దానికి న్యూక్లీన్ అని పేరుపెట్టాడు. 1889లో రిచర్డ్ ఆల్ట్‌మన్ అందులోని ప్రోటీన్లను తీసివేసి, మిగిలినదాన్ని న్యూక్లియిక్ ఆమ్లం అన్నాడు. ఆ ఆమ్లగుణం అందులోని ఫాస్ఫేట్లది. కనుక ఈ పేరు ఆ పదార్థం మొదట దొరికిన చోటును చెబుతుందే తప్ప, అది అక్కడే ఉంటుందని చెప్పదు. కేంద్రకం బయట, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోనూ ఆకులకు పచ్చదనమిచ్చే హరితరేణువుల్లోనూ డీఎన్‌ఏ ఉంది. ప్రోటీన్లను తయారుచేసే రైబోసోముల్లో మరో కేంద్రకామ్లమైన ఆర్‌ఎన్‌ఏ ఉంది. గుంటూరు సన్నం మిర్చి ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లోనూ పండుతుంది. అంతమాత్రాన దాని పేరు మార్చాలని ఎవరూ అనరు. కేంద్రకామ్లాన్ని నిస్సంకోచంగా వాడండి. కేంద్రక, ఆమ్లం కలిస్తే సవర్ణదీర్ఘ సంధి, కలిపే రాయాలి. న్యూక్లియిక్ ఆమ్లం అన్నప్పుడు మాత్రం విడిగా రాయడమే చదవడానికి సుఖం.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే అక్కడ పొరబడితే అర్థమే మారిపోతుంది. డీఎన్‌ఏ పదార్థం. ఒక ప్రోటీనుకో, ఒక ఆర్‌ఎన్‌ఏకో కావలసిన సమాచారం ఉన్న భాగం జన్యువు. మనిషి డీఎన్‌ఏలో నిచ్చెన మెట్ల లాంటి క్షారజతలు సుమారు 300 కోట్లుంటే, ప్రోటీన్ల సంకేతం నేరుగా ఉన్నది రెండు శాతం లోపే. ఆ సంకేతాన్ని ఆర్‌ఎన్‌ఏ నకలు చేసుకుని రైబోసోములకు చేరుస్తుంది, అక్కడ ప్రోటీను తయారవుతుంది. అందుకే నేరవార్తల్లో 'నిందితుడి జన్యువులు సరిపోలాయి' అని రాస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ పరీక్షలో పోల్చేది ప్రోటీన్ల సంకేతంతో సంబంధం లేకుండా పదేపదే వచ్చే చిన్న వరుసలను. అవి ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అక్కడ 'డీఎన్‌ఏ సరిపోలింది' అనాలి.

జన్యువు ఉన్నచోటల్లా డీఎన్‌ఏ ఉండాలన్న నియమమూ లేదు. కరోనా వైరస్ జన్యువులు ఆర్‌ఎన్‌ఏలో ఉంటాయి. కాబట్టి 'కరోనా జన్యువుల్లో మార్పులు' సరైన ప్రయోగం, 'కరోనా డీఎన్‌ఏలో మార్పులు' తప్పు.