ముడి జారడానికి కారణం తాళ్ల జోడీ

చెట్టెక్కడానికి, రాక్ క్లైంబింగ్‌కి వాడే 11 మి.మీ. తాడు మీద 10 మి.మీ. కార్డ్‌తో (ముడి వేసే చిన్న తాడు) ప్రూసిక్ (బరువు పడితే బిగిసి, బరువు తీస్తే జరిగే చుట్టు ముడి) వేస్తే పట్టు నిలవక జారుతోందని మీరన్నారు. రెండింటి మందం దాదాపు ఒకటే కావడమే దీనికి ప్రధాన కారణం. ముడి వేసే కార్డ్ తాడు కన్నా కనీసం 2, 3 మి.మీ. సన్నగా ఉంటేనే తాడును గట్టిగా బిగించి పట్టుకుంటుంది. దయచేసి ఈ జోడీతో చెట్టెక్కకండి.

రాక్ తాడును కూడా పక్కన పెట్టేయండి. పడిపోయినప్పుడు కుదుపు తగ్గేలా సాగడానికే దాన్ని తయారు చేస్తారు. చెట్టు మీద ప్రతి లాగుకీ సాగి మీ శ్రమంతా మింగేస్తుంది. చెట్లెక్కే పనికోసమే అల్లిన, తక్కువ సాగే 11.7 మి.మీ. తాడు కొనండి. 13 మి.మీ. తాడు చేతికి ఇంకా హాయిగా ఉంటుంది గానీ బరువెక్కువ.

కార్డ్ 8 మి.మీ.ది, అరామిడ్ (వేడిని బాగా తట్టుకునే దారం) తొడుగు ఉన్నదే తీసుకోండి. ఇక్కడ మాత్రం డబ్బు ఆదా చేయొద్దు. దిగేటప్పుడు రాపిడికి బాగా వేడెక్కేది ఈ ముడే. మామూలు నైలాన్ పైపొర కరిగి నున్నగా, గట్టిగా అయిపోతుంది. డైనీమా (చాలా బలమైన పాలిథిలీన్ దారం) అయితే 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది.

మొదట ప్రూసిక్ లాంటిదే అయిన డిస్టెల్ ముడి నేర్చుకోండి, పట్టు నమ్మకంగా ఉంటుంది. వీటీ (వాల్డోటెయిన్ ట్రెస్ అనే మరో ముడి) సాఫీగా కదులుతుంది కానీ కొత్త కార్డ్‌తో కాస్త మొండికేస్తుంది. ఏ ముడైనా నేలకు అడుగు ఎత్తులో మీ బరువంతా వేసి చూడండి. కొంచెం జారినా దిగి, ఇంకో చుట్టు చేర్చి మళ్లీ పరీక్షించండి.