మేడ మీద గుడ్లగూబ, వీధిలో జెర్రిపోతు
పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మేం శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్లో ఉంటున్నాం. మేడ మీద వాటర్ ట్యాంకు కింది సందులో తెల్లమొహం గుడ్లగూబల జంట గుడ్లు పెట్టి పిల్లల్ని చేసింది. పెద్ద పిల్లకి రెక్కల ఈకలు వస్తున్నాయి, చిన్నది ఇంకా నూగుతోనే ఉంది. రాత్రయితే పాము బుసకొట్టినట్టు చప్పుడు. కిందటి నెల రెండో అంతస్తులో ఒక పెద్దాయన గుండెపోటుతో పోయారు. అప్పట్నుంచీ "చావుపిట్ట మేడెక్కింది, అందుకే ఇలా జరిగింది" అంటున్నారు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగులో, ఎవరినైనా పిలిపించి వాటిని తీయించేద్దామని తీర్మానం చేస్తారట. మా అత్తగారికీ భయంగానే ఉంది. నాకేమో మనసొప్పడం లేదు. నలుగురిలో ఏం చెప్పమంటారు?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీటింగు సంగతి తర్వాత, ముందు మీ అత్తగారితో మాట్లాడండి. ఆవిడ మీ పక్షాన ఉంటే సగం పని అయిపోయినట్టే. మనిషి పోయిన ఇంట్లో దుఃఖం ఇంకా ఆరలేదు. అలాంటి సమయంలో "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని నలుగురిలో అన్నారంటే, ఆ తర్వాత మీరెంత మంచి మాట చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

నేను నమ్మి చెప్తున్నాను, మనవాళ్లకి పక్షులంటే ప్రేమ లేక కాదు. మీ జిల్లాలోనే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది కదా. పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్‌లూ ఏటా వచ్చి, ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. రెట్టల కంపు, గూళ్లలోంచి జారిపడిన చేపల నీచు వాసన అన్నీ ఉంటాయి. అయినా ఆ ఊరివాళ్లు ఒక్క రాయి పడనివ్వరు. అవి వస్తేనే వానలు, వానలుంటేనే పంటలు అని వాళ్ల నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలకీ అదే ఆదరం. ఒక పక్షికి మంచిపేరు వచ్చింది, కంపు భరించారు. మీ మేడ మీది పక్షికి చెడ్డపేరు వచ్చింది, అంతే తేడా.

ఆ పేరు ఎలా వచ్చి ఉంటుందో మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఈ పక్షి రోజూ రాత్రి ఊరి మీద తిరుగుతుంది. రెక్కల అంచున ఈకలు దువ్వెన పళ్లలా చీలి ఉండటం వల్ల ఎగిరితే చప్పుడు రాదు, అరిస్తే తప్ప ఉందని తెలియదు. మామూలు రోజుల్లో మనం నిద్రలో ఉంటాం కాబట్టి ఆ అరుపు వినం. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు రాత్రంతా దీపం ఉంటుంది, ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు. ఆ రాత్రే అరుపు వినపడుతుంది. తెల్లారాక జరగరానిది జరిగితే ఆ అరుపే గుర్తుండిపోతుంది. పెద్దవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. రోగి మంచం దగ్గర రాత్రుళ్లు కూర్చున్నది వాళ్లే కదా.

ఇక మీటింగుకి మాటలొకటే చాలవు, చూపించడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ట్యాంకు కింద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అవి రెట్టలు కావు. గుడ్లగూబ ఎలుకని అమాంతం మింగేస్తుంది. బొచ్చూ ఎముకలూ అరగవు. వాటిని పొట్టలోనే ఉండ చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. పెద్ద పక్షులు వేటకి వెళ్లాక, పిల్లల దగ్గరికి పోకుండా, మాస్కూ గ్లవ్సూ వేసుకుని ఓ రెండు మూడు ఉండలు ఏరుకోండి. వాడని పళ్లెంలో గోరువెచ్చటి సబ్బునీళ్లు పోసి నానబెట్టి, అగ్గిపుల్లతో మెల్లగా విడదీయండి. బూడిదరంగు బొచ్చు తేలిపోతుంది. అడుగున సూదుల్లాంటి పక్కటెముకలు, గోరంత దవడలు, పసుపు పట్టిన ముందుపళ్లతో ఎలుకల పుర్రెలు బయటపడతాయి. ఒక్క ఉండలోనే రెండు మూడు పుర్రెలు దొరకడం మామూలే. పళ్లన్నీ సన్నగా మొనదేలి ఉంటే అది చుంచు. మా ప్రాక్టికల్స్‌లో పిల్లలు ముక్కు మూసుకుని మొదలుపెట్టేవాళ్లు, బెల్లు కొట్టినా బల్ల దగ్గర్నుంచి కదిలేవాళ్లు కాదు.

ఆ పుర్రెలు కడిగి, ఆరబెట్టి, తెల్లకాగితం మీద అంటించి మీటింగులో పెట్టండి. కారు వైర్లు కొరికేస్తున్నాయని, డ్రైనేజీలో పందికొక్కులు పెరిగాయని గొడవపడని అపార్ట్‌మెంటు మన ఊళ్లలో ఉందా?

వాళ్ల ఫిర్యాదుల్లో న్యాయమైనవీ ఉన్నాయి, వాటికి మీరే ముందుగా దారి చూపించండి. ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి. తాగే, వాడే నీళ్లలో రెట్ట పడకూడదు, అందులో రాజీ లేదు. నడిచే దారి వారానికోసారి కడిగిస్తామని చెప్పండి. ఆ బుస చప్పుడు ఆకలేసిన పిల్లలది, అవి ఎగిరిపోతే దానంతటదే పోతుంది. ఈ పక్షి మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది, అందుకే పిల్లల్లో ఇంత హెచ్చుతగ్గులు. గుడ్డులోంచి వచ్చాక ఎగరడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి పెద్దదానికి సగం గడువు దాటినట్టుంది. అన్నీ ఎగిరేదాకా ఆగమని అడగండి. ఆ తర్వాత ఆ సందుకి ఇనుప వల కొట్టించుకోవచ్చు. అలా కొట్టించేటట్టయితే, మేడకి అవతలి మూల ఒక చెక్కపెట్టె పెట్టించండి. ఈ పక్షి గూడు కట్టుకోదు, చీకటి మూల దొరికితే చాలు.

ఈలోగా ఎలుకల మందు మాత్రం పెట్టనివ్వకండి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది. అదే తేలిగ్గా దొరుకుతుంది, పిల్లల నోట్లోకి వెళ్తుంది. అంతగా కావాలంటే బోను పెట్టుకోమనండి.

చట్టం మాట ఆఖరికి దాచుకోండి, కానీ తెలిసి ఉండటం మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షిని చంపడమే కాదు, గూడు చెదరగొట్టినా గుడ్లు పగలగొట్టినా వేట కిందికే వస్తుంది. తీర్మానం రాసి సంతకాలు పెట్టినవాళ్లంతా ఇరుక్కుంటారు. "నేను ఊరికే పట్టుకుపోతాను" అంటూ ఎవరైనా వస్తే అసలు ఒప్పుకోవద్దు. దీపావళి ముందు క్షుద్రపూజలకని గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. ఏ పక్షికైనా దెబ్బ తగిలితే అటవీశాఖ రేంజి ఆఫీసుకి కబురు పెట్టండి. మీటింగులో ఏమైందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: సార్, మాది విజయనగరం. పెద్దచెరువు వైపు ఉంటాం. వానలు పడితే మా వీధిలోకి పాములొస్తున్నాయి. జెర్రిపోతు అని తెలిసి కూడా కర్రలతో కొట్టేస్తున్నారు. పాలు పోస్తే వెళ్లిపోతాయా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: బాబూ, పాము ఆహారం పాలు కాదు, పోసినా లాభం లేదు. జెర్రిపోతుకి విషం లేదు, ఎలుకల కోసం వస్తుంది. గోడ వారన ఇటుకల కుప్పలు, తుప్పలు తీసేసి, అన్నం మెతుకులు వీధిలో పారబోయడం మానేస్తే ఎలుకలు తగ్గుతాయి, పామూ తగ్గుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే పెద్దవాళ్లే కదా మీ వీధిలో ఉన్నదీ. ఆ భక్తి వీధిలోకి వచ్చిన పాము మీద కూడా చూపించమని నువ్వు అడిగితే కాదనలేరు, చిన్నపిల్లలు అడిగితే పెద్దలు ఆగుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఏ పామో నువ్వు తేల్చొద్దు. దూరంగా నిలబడి అది ఎటు పోతుందో చూస్తూ, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్లని పెద్దలచేత పిలిపించు. ఎవరినైనా కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి సూటిగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. పసరు మందుకని ఆగారంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: పలాస శివార్లలో మా జీడితోటలోకి ఎలుగు వస్తోంది. టపాసులు కాల్చి తరిమితే సరిపోతుందా?
– ఒక రైతు, ఉద్దానం

జవాబు: అన్నా, మీ కష్టం చిన్నది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఏం జరిగిందో మీకు తెలుసు. మనిషి ప్రాణం పోయింది, కొందరు గాయపడ్డారు, పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. జీడిపండు, పనసపండు మగ్గే రోజుల్లో అది వాసన పట్టుకుని వస్తుంది. చూపు అంత బాగా ఆనదు, అందుకే దగ్గరకొచ్చేదాకా మనిషిని పసిగట్టదు, పసిగట్టగానే బెదిరి మీద పడుతుంది. గుంపుగా చుట్టుముట్టి టపాసులు కాలిస్తే పారిపోయే దారి మూసేసినట్టే. పొద్దుపొడవకముందు, చీకటి పడ్డాక తోటలోకి ఒంటరిగా పోవద్దు. పోవాల్సివస్తే గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుని వెళ్లండి. రాలిన పండు తోటలో కుళ్లబెట్టకుండా ఏరోజుకారోజు ఎత్తేయండి. జాడలు కనిపించిన చోటు, వేళ రాసిపెట్టుకుని కాశీబుగ్గ అటవీ సిబ్బందికి ఇస్తే, అది ఏ దారిన వస్తోందో వాళ్లకి తెలుస్తుంది.