అత్తమ్మ థైరాయిడ్ బిళ్లతో బరువు తగ్గాలనుకోవద్దు

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు 157 సెంటీమీటర్లు. నెలన్నర కిందట 84 కిలోలు ఉండేదాన్ని. ఇంకో పది వారాల్లో మా మరిది పెళ్లి. ఆలోగా 63 కిలోలకు రావాలని పొద్దున నిమ్మరసం, తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి ఒక పండు మాత్రమే తీసుకుంటున్నాను. మొదటి మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. థైరాయిడ్ వల్లే లావయ్యావని అందరూ అంటుంటే, మా అత్తమ్మ వేసుకునే 100 మైక్రోగ్రాముల బిళ్లలో సగం నేనూ వేసుకుంటున్నాను. ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది, నీరసం వల్ల కావచ్చు. అన్నం ఎలాగూ మానేశాను, ఇంకా ఏం మానేస్తే వారానికి కిలోన్నర తగ్గుతాను?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరు అడిగింది బరువు గురించే అయినా, మాటవరసకు రాసిన ఆ సగం బిళ్ల గురించి ముందు చెప్పాలి. గుండె దడకు నీరసమే కారణమని మీరు అనుకుంటున్నారు. మిమ్మల్ని పరీక్షించకుండా నేను నిర్ధారించలేను గానీ, దడ, నిద్రలేమి కలిసి వచ్చాయంటే నా మొదటి అనుమానం ఆ బిళ్ల మీదనే. థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చేయలేనివారికి ఆ లోటు పూడ్చడానికి ఇచ్చే మందు అది. గ్రంథి సక్రమంగా ఉన్నవారు కొద్ది మోతాదులో వేసుకుంటే, శరీరం తన సొంత తయారీని ఆ మేరకు తగ్గించుకుంటుంది కనుక బరువు పెద్దగా తగ్గదు. మోతాదు మించితే మాత్రం గుండె వేగం పెరగడం, ఒక్కోసారి లయే తప్పడం, చేతులు వణకడం, కండ తగ్గడం, దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారడం వరకూ వెళ్తుంది. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో, బరువు తగ్గడానికి దీన్ని వాడరాదన్న హెచ్చరికను గడి కట్టి మరీ ముద్రిస్తారు.

ఏ వైద్యుడూ మీకు రాయలేదు కాబట్టి ఆ బిళ్లను ఈరోజే ఆపండి. దాని ప్రభావం ఒక్కరోజులో పోదు, శరీరంలో సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. రెండు మూడు రోజుల్లో దగ్గరలోని ఫిజీషియన్‌కు చూపించుకుని నాడి, బీపీ, ఈసీజీ, రక్తహీనతకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఈలోగా ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే ఆ రెండు రోజులు కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. అసలు థైరాయిడ్ లోపం ఉందో లేదో బిళ్ల మొదలుపెట్టక ముందే ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోయేది. ఇప్పుడు చేయించినా ఫలితం మీ గ్రంథిదో, మీరు మింగిన మందుదో తేల్చడం కష్టం కాబట్టి, బిళ్ల ఆపిన ఆరు వారాలకు మళ్లీ చేయించవలసి రావచ్చు. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి, ఎందుకంటే అవీ ఈ రిపోర్టును తారుమారు చేస్తాయి.

మా ఓపీకి వచ్చేవారిలో కొందరు బిస్కెట్ డబ్బా మూత తీసి చూపిస్తుంటారు. అందులో పక్కింటివాళ్ల గ్యాస్ బిళ్ల, తోడికోడలి నొప్పుల బిళ్ల, ఎవరివో తెలియని బీపీ బిళ్లలు సగానికి కత్తిరించిన రేకుల్లో ఉంటాయి. చదువుకున్నవాళ్లూ ఇదే చేస్తారు, అడిగితే ‘సగమే కదండీ’ అంటారు. మీరూ అదే రాశారమ్మా.

ఇక బరువు సంగతి. మొదట తగ్గిన ఆరు కిలోలూ కొవ్వు అనుకోవద్దు. తిండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దాన్ని అంటిపెట్టుకున్న నీరు ముందు పోతాయి. మాంసకృత్తులు అందకపోతే కొంత కండ కూడా కరుగుతుంది. ఆ తర్వాత వేగం మందగించడం సహజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు వారానికి అరకిలో తగ్గడాన్ని సురక్షితంగా చెబుతాయి, రోజు ఆహారం 1,000 క్యాలరీలకు తగ్గకూడదని కూడా అంటాయి. మీరు రాసిన తిండి ఆ గీతకు చాలా కిందే ఉంది. ఈ లెక్కన పెళ్లి నాటికి మీరు 73 కిలోలకు రావచ్చు. 63 మాట ఇప్పటికి పక్కన పెట్టండి. ఉన్న బరువులో ఆరు నెలల్లో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ, రక్తంలో కొవ్వుల విషయంలో మేలు కనిపిస్తుంది. మీరు ఇప్పటికే 7 శాతం తగ్గారు.

వారానికి కిలోన్నర, అంతకు మించి వరుసగా తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. తిన్నాక కుడి డొక్క పైభాగంలో నొప్పి వస్తే గ్యాస్ బిళ్ల మింగి పడుకోకుండా స్కానింగ్ చేయించుకోండి. ఇంకో మాట, కఠినంగా కడుపు మాడ్చుకున్న రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా ఊడడం మొదలుకావచ్చు. మీ విషయంలో అది సరిగ్గా పెళ్లి పనుల సమయానికి రావచ్చు.

కాబట్టి ఏం మానేయాలని అడిగిన మీకు నేను తినమనే చెబుతున్నాను. పొద్దున ఉప్మా లేని పెసరట్టు ఒకటో, రెండు ఉడికించిన గుడ్లో తీసుకోండి. తేనె నీళ్లు కొవ్వును కరిగించవు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి సమానంగా గట్టిపప్పు, రెండింతలు కూర, మజ్జిగ ఉండాలి. రాత్రి పండు ఒక్కటే చాలదు, పుల్కాతో పాటు పప్పో, శనగలో, పెరుగో ఉండాలి. నూనెను సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోయండి. తాలింపులో ఒక పెద్ద చెంచా తగ్గితే సుమారు 120 క్యాలరీలు తగ్గినట్టే. నడక మంచిదే గానీ, ఈసీజీ చూశాక వైద్యుడు సరేనన్న తర్వాతే రోజుకు అరగంటకు పెంచండి. కిడ్నీ సమస్య, షుగర్ లేదా మీరు రాయని మరేదైనా జబ్బు ఉంటే ఈ ఆహారం మారవచ్చు. బరువు వారానికి ఒక్కసారే, అదే రోజు, పొద్దున ఏమీ తినకముందు చూసుకోండి. నెలసరికి ముందు ఒంట్లో నీరు నిలిచి కిలో పెరిగినట్టు కనిపించినా కంగారు పడవద్దు.

చివరగా, మీరు సగం వేసుకుంటే మిగతా సగం ఎవరు వేసుకుంటున్నారో రాయలేదు. మీ అత్తగారికి 100 రాశారంటే ఆమెకు 100 కావాలి. ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెను, ఆ బిళ్లల సీసాను కూడా వెంట తీసుకెళ్లండి.